ఎండకు ఒక నడక, వానకు ఒక నడక



ఈ సంచిక మీ చేతికి అందేసరికి రోహిణి కార్తె వెళ్ళిపోయి మృగశిర వచ్చి ఉంటుంది. ఉయ్యూరులో పుల్లేరుకు నీరు వచ్చినదా, ఇంకా రావలసి ఉన్నదా అని రైతులు గట్టు మీద నిలబడి చూసే రోజులివి. ఎండ పూర్తిగా పోలేదు, వాన పూర్తిగా రాలేదు. ఇట్లా ఋతువు మారే సమయములోనే మనలో అనేకులు నడక మానేస్తారు. అందుచేత ఈ నెల ఆ సంగతే మాట్లాడుకుందాము.

మన ఊళ్ళలో ప్రతి సంవత్సరము జరిగేది గమనించండి. జనవరి ఒకటవ తేదీన కొత్త సంవత్సరపు ఆరాధన ముగించుకొని, తలకు మఫ్లరు చుట్టుకొని, కొత్త బూట్లతో నడక ఆరంభించేవారు ఏ ఊరిలో చూసినా పదిమంది ఉంటారు. ఏప్రిల్ వచ్చేసరికి ఎండ అని చెప్పి సగం మంది ఆగిపోతారు. మిగిలినవారిని జూలైలో బురద ఆపుతుంది. అక్టోబరు, నవంబరు మాసములలో వాయుగుండము. డిసెంబరులో మంచు. లెక్క చూస్తే మన డెల్టాలో నడకకు అడ్డము చెప్పలేని నెల ఒక్క ఫిబ్రవరి మాత్రమే. అది కూడ ఇరవై ఎనిమిది రోజులే!

ఆసుపత్రికి వెళ్ళినప్పుడు డాక్టరుగారు చీటీ మీద "రోజూ అరగంట నడవండి" అని వ్రాసి ఇస్తారు. మోకాలి లోతు బురద ఉన్న నెలలో ఎక్కడ నడవాలో ఆ చీటీ మీద ఉండదు. అది మనము మనమే ఆలోచించుకోవలసిన విషయము.

మా అభిప్రాయము ఇది. నడకను ఆపేది ఎండ కాదు, వాన కాదు. మనము నడకను ఒకే గంటకు, ఒకే దారికి కట్టివేస్తున్నాము. ఆ గంటకు ఎండ వస్తే, ఆ దారి బురద అయితే నడక కూడ పోతున్నది. ఎండకాలపు పంచె వేరు, చలికాలపు దుప్పటి వేరు. నడక మాత్రము పన్నెండు నెలలు ఒకటే కావాలంటే ఎట్లా కుదురుతుంది?

"అయ్యగారూ, మేము పొలము పని చేసుకొనేవాళ్ళము, షుగరు పట్నమువారికి గదా" అని కొందరు పెద్దలు అంటారు. ఆ మాట ఒకప్పుడు చాలవరకు నిజమే. భారత వైద్య పరిశోధనా మండలి వారు దేశమంతట చేయించి 2023లో ప్రకటించిన లెక్కల ప్రకారము మన దేశములో షుగరు ఉన్న పెద్దవారు సుమారు 10 కోట్ల మంది. పట్నాలలో నూటికి 16 మందికి పైగా ఉంటే, పల్లెలలో నూటికి దాదాపు 9 మంది. అంటే వందమంది పెద్దలు కూర్చున్న పల్లె సంఘములో సుమారు తొమ్మిదిమందికి ఉన్నదనుకోవచ్చు. అందరికీ ఆ సంగతి తెలిసి ఉండదు. చక్కెర ఫ్యాక్టరీతో పేరు తెచ్చుకొన్న ఉయ్యూరులో చెరకు సాగు తగ్గిపోయినది గాని, చక్కెర జబ్బు సాగు మాత్రము పెరుగుతూనే ఉన్నది.

పొలము పని కూడ మారినది. 1855లో కృష్ణ మీద ఆనకట్ట పూర్తయి కాలువలు వచ్చిన తరువాత చాలాకాలము వాటి మీద పడవలు తిరిగేవి. గాలి లేనప్పుడు మనుషులు భుజానికి తాడు వేసుకొని గట్టు వెంబడి నడుస్తూ పడవను లాగేవారు. ఇప్పుడు మనము నడక కోసము వెళ్ళే గట్లు ఆనాడు వారి పని దారులు. వారికి ఎవరూ నడవమని సలహా ఇవ్వనవసరము లేకపోయినది! మన తాతల కాలములో కూడ పొలానికి వెళ్ళి రావడము, నాగలి వెనుక తిరగడము, ధాన్యము మోయడము అన్నీ కాళ్ళ మీదనే. ఇప్పుడు దుక్కికి ట్రాక్టరు, కోతకు మిషను, పొలానికి వెళ్ళడానికి మోటారు సైకిలు. రైతు అన్న పేరు మిగిలినది, రైతు నడక పోయినది. తినే అన్నము మాత్రము ఆనాటి కొలతే.

కూర్చొని చేసే పనికి, తిరుగుతూ చేసే పనికి ఎంత తేడా ఉన్నదో మొదటిసారి లెక్కగట్టి చూపినది లండను నగరపు బస్సులలో. అక్కడి రెండంతస్తుల బస్సులలో డ్రైవరు రోజంతా కూర్చొని ఉండేవాడు. కండక్టరు మెట్లు ఎక్కుతూ దిగుతూ టిక్కెట్లు ఇచ్చేవాడు. ఇద్దరిదీ ఒకే బస్సు, ఒకే దారి. జెర్రీ మారిస్ అనే వైద్యుడు తన బృందముతో పరిశీలించి 1953లో ప్రకటించినదేమంటే, డ్రైవర్ల కంటే కండక్టర్లకు గుండెజబ్బు తక్కువ, వచ్చినా అంత త్వరగా ప్రాణము మీదికి రాలేదు.

అంత దూరము ఎందుకు, మన పొరుగున చెన్నైలో డాక్టర్ రామచంద్రన్ గారి బృందము ఒక పరిశోధన చేసినది. షుగరు ఇంకా రాలేదు గాని వచ్చే దారిలో ఉన్న 531 మందిని తీసుకొన్నారు. కొందరికి మామూలు సలహా మాత్రమే చెప్పి వదిలారు. మరి కొందరికి ఆహారములో మార్పు, రోజూ కనీసము అరగంట చురుకైన నడక అలవాటు చేయించారు. మూడు సంవత్సరములలో మొదటి గుంపులో నూటికి 55 మందికి షుగరు వచ్చినది, నడిచినవారిలో నూటికి 39 మందికి వచ్చినది. ఈ ఫలితములు 2006లో వెలువడినవి. నడిస్తే రానే రాదని ఎవరూ అనరు. కాని నూటికి పదహారుమంది తప్పించుకొనడము చిన్న సంగతి కాదు.

ఇక్కడ ఒక విషయము బాగా గుర్తుంచుకోవాలి. మనము నడిచినప్పుడు కాళ్ళ కండరాలు రక్తములోని చక్కెరను లాగి వాడుకుంటాయి. ఆ గుణము నడక ఆపగానే పోదు, ఒకటి రెండు రోజులు నిలుస్తుంది. తరువాత తగ్గిపోతుంది. అందుకే షుగరు ఉన్నవారు వరుసగా రెండు రోజులకు మించి నడక మానరాదని వైద్యులు చెబుతారు. ముసురు పట్టి ఒక వారము ఇంట్లో కూర్చుంటే అంతకుముందు నెలరోజులు నడిచామన్న ధైర్యము పనికి రాదు. నిలవ ఉంచుకొనడానికి నడక ధాన్యము కాదు.

ఎంత నడవాలి అంటే వారానికి 150 నిమిషములు చాలునని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. అరగంట చొప్పున ఐదు రోజులన్న మాట. సెల్‌ఫోనులో పదివేల అడుగులు చూపించలేదని దిగులుపడేవారు ఈ మధ్య ఎక్కువైనారు. ఆ పదివేలు పరిశోధనలో తేలిన లెక్క కాదు. 1965లో జపానులో ఒక కంపెనీ అడుగులు లెక్కించే చిన్న యంత్రము అమ్ముతూ దానికి పదివేల అడుగుల యంత్రమని పేరు పెట్టినది, అది అట్లాగే లోకమంతా పాకినది. అమెరికాలో సగటున 72 ఏళ్ళ వయసున్న పదహారువేల మందికి పైగా స్త్రీలను పరిశీలించి 2019లో చెప్పినది వేరు. రోజుకు 2,700 అడుగులు నడిచేవారి కంటే 4,400 అడుగులు నడిచేవారిలో ఆ సంవత్సరములలో మరణములు నూటికి 41 వంతులు తక్కువ. 7,500 దాటిన తరువాత అదనపు లాభము కనబడలేదు. గనుక మన మామ్మలు పదివేలు చూసి భయపడవద్దు.

నడక చురుకుగా ఉన్నదో లేదో తెలిసికొనడానికి గడియారము అవసరము లేదు. నడుస్తూ పక్కవారితో మాట్లాడగలగాలి, పాట మాత్రము పాడలేకపోవాలి. హాయిగా కీర్తన ఎత్తుకొనగలిగితే ఇంకా నెమ్మదిగానే నడుస్తున్నారన్న మాట.

ఇప్పుడు కాలముల సంగతికి వద్దాము.

మన ఎండకు ఒక ప్రత్యేకత ఉన్నది. తెలంగాణలో, రాయలసీమలో ఎండ పొడిగా కాస్తుంది. బందరు, గుడివాడ, దివిసీమ వైపు సముద్రపు తేమ వలన ఉక్కపోత. చెమట ఆరినప్పుడే ఒళ్ళు చల్లబడుతుంది. గాలిలో తేమ నిండి ఉంటే చెమట కారుతుందే గాని ఆరదు, లోపలి వేడి లోపలే ఉంటుంది. అందుచేత ఎండ కొలత తక్కువ చూపించినా మనకు ప్రమాదము తక్కువ కాదు. 2003లోను, తిరిగి 2015 మే నెలలోను వడగాలులకు మన రాష్ట్రములో వెయ్యిమందికి పైగా చనిపోయిన సంగతి మరువరానిది. వారిలో ఎక్కువమంది కూలిపనివారు, వృద్ధులు.

మే నెలలో మన వైపు సూర్యుడు సుమారు ఐదున్నరకే ఉదయిస్తాడు. ఆరున్నర లోపల ఇంటికి చేరేటట్లు నడవాలి. సాయంకాలపు నడక ఎండకాలములో అంత మంచిది కాదని మా ఉద్దేశము. పొద్దుగుంకినా సిమెంటు రోడ్డు ఏడు గంటల వరకు వేడి కక్కుతూనే ఉంటుంది. తప్పనిసరి అయితే మట్టిదారి, చెట్లున్న గట్టు ఎంచుకోండి. మొదటి వడగాలి వచ్చిన వారము నడకను సగానికి తగ్గించి, మెల్లగా పెంచుకోవాలి. ఒళ్ళు వేడికి అలవాటు పడడానికి వారము నుండి రెండు వారములు పడుతుంది. బి.పి.కి నీరు పోయే మాత్ర వేసుకొనేవారు, గుండెజబ్బు ఉన్నవారు ఎండకాలము రాకమునుపే డాక్టరుగారిని అడిగి తెలిసికోవాలి. ఉప్పు వేసిన మజ్జిగ అందరికీ మంచిదే గాని వీరు తమంతట తాము ఉప్పు పెంచుకొనరాదు. నడుస్తున్న మనిషి తడబడి మాట్లాడినా, ఒళ్ళు కాలిపోతున్నా, వాంతి చేసుకొన్నా నీడకు చేర్చి, తడిగుడ్డతో ఒళ్ళంతా తుడుస్తూ విసరండి, 108కి ఫోను చేయండి. స్పృహ లేనివారి నోటిలో నీళ్ళు పోయకండి.

ఎండకాలములో పాదముల సంగతి మరీ ముఖ్యము. షుగరు చాలాకాలముగా ఉన్నవారికి అరికాళ్ళలో స్పర్శ తగ్గుతుంది. కాలుతున్నట్లు తెలియదు, ముల్లు గుచ్చుకొన్నట్లు తెలియదు. మన మందిరములలో చెప్పులు బయట విడచి వస్తాము. ఆదివారము పన్నెండు గంటలకు ఆరాధన ముగిసిన తరువాత చెప్పులు ఎక్కడున్నవో వెదుకుతూ ఆ కాలే గచ్చు మీద వట్టి కాళ్ళతో నిలబడే పెద్దలను చూస్తే మాకు భయము వేస్తుంది. సాయంత్రానికి బొబ్బ, నాలుగు రోజులకు పుండు, ఆ తరువాత వ్రేలు తీసివేయవలసిన పరిస్థితి. స్పర్శ తగ్గినవారు మందిరము లోపల వాడుకొనడానికి శుభ్రమైన జత ఒకటి విడిగా ఉంచుకొంటే ఎవరూ తప్పుపట్టకూడదని మేము గట్టిగా చెబుతున్నాము. సంఘ పెద్దలు కూడ ఈ మాట పీఠము మీదనుండే చెబితే వారి సంకోచము పోతుంది.

వానాకాలములో నల్లరేగడి బురద గురించి డెల్టావారికి చెప్పేదేమున్నది! చెప్పు ఒకచోట, కాలు ఒకచోట. అరవై దాటినవారు జారిపడి తుంటి ఎముక విరిగితే తిరిగి లేచి నడవడము చాలా కష్టము. కాబట్టి ఆ రోజులలో కాలువ గట్టును, పొలము డొంకను వదిలిపెట్టండి. పాముల భయము కూడ ఉన్నది. వాననీరు బొరియలలోకి చేరితే పాములు గట్ల మీదికి, ఇండ్ల దగ్గరకు వస్తాయి. 2018 ఆగస్టులో దివిసీమ గ్రామములలో ఎంతమంది పాముకాటుకు గురియై అవనిగడ్డ ఆసుపత్రికి పరుగెత్తారో పత్రికలు చదివినవారికి తెలుసు. తెల్లవారుజామున, చీకటిపడిన తరువాత బయట నడవవలసివస్తే టార్చిలైటు, మూసిన బూట్లు ఉండాలి. కరిచినచోట కోయడము, గట్టిగా తాడు బిగించడము, నాటు మందుకు పరుగెత్తడము వద్దు. కాలు కదల్చనీయకుండా నేరుగా ప్రభుత్వ ఆసుపత్రికి తీసికొని వెళ్ళండి. విరుగుడు మందు అక్కడ ఉంటుంది.

మరి నడక ఎక్కడ? కప్పు క్రింద. మన పల్లెలలో కప్పు ఉన్న పొడుగాటి చోట్లు మనము అనుకొన్నదానికంటే ఎక్కువే ఉన్నవి. పాఠశాల వరండా, బస్సు స్టాండు, కల్యాణ మండపము, మన మందిరము. యాభై అడుగుల పొడవున్న మందిరములో ఈ గోడ నుండి ఆ గోడకు వెళ్ళి వస్తే వంద అడుగులు. ముప్పైమూడు సార్లు తిరిగితే ఒక కిలోమీటరు, పన్నెండు పదిహేను నిమిషముల పని. వారములో ఆరు రోజులు తాళము వేసి ఉంచే చోటు ఒక అరగంట పెద్దల కాళ్ళకు ఉపయోగపడితే పాస్టర్లకు అభ్యంతరము ఎందుకుండాలి? ఊడ్చే పని కూడ నడిచేవారే చూసుకొంటారు.

అదీ కుదరనివారికి ఇంకొక మార్గము ఉన్నది. న్యూజిలాండులోని ఒటాగో విశ్వవిద్యాలయము వారు షుగరు ఉన్న 41 మంది చేత రెండు విధములుగా నడిపించి చూశారు. రోజుకొకసారి అరగంట నడవడము కంటే, మూడు పూటల భోజనము తరువాత పదేసి నిమిషములు నడిస్తే తిన్న తరువాత పెరిగే చక్కెర మరింత తగ్గినది. రాత్రి భోజనము తరువాత ఆ తేడా నూటికి 22 వంతులు. ఇది 2016లో వెలువడినది. పది నిమిషములకు వసారా చాలు. ముసురు పట్టినప్పుడు భోజనము చేసి మంచము ఎక్కే అలవాటు ఉన్న మనకు ఇంతకంటే తగిన సలహా లేదు. బయట తడిసి వచ్చినవారు మాత్రము కాలివ్రేళ్ళ సందులు పొడిగుడ్డతో తుడుచుకోవాలి. పుండు ఉన్న కాలితో నిలవనీటిలో నడిస్తే ఎలుక జ్వరము వచ్చే అవకాశము ఉన్నది.

చలికాలము గురించి ఎక్కువ చెప్పనవసరము లేదు. అందరూ నడిచే కాలమది. కాని బందరు రోడ్డు మీద మంచులో నడవడము మాకు ఏమాత్రము ఇష్టము లేదు. నాలుగు వరుసల రోడ్డు అయిన తరువాత బండ్ల వేగము పెరిగినది, తెల్లవారుజామున లారీ డ్రైవరుకు పది గజముల ముందు ఏమున్నదో కనబడదు. పెద్ద రోడ్డు తప్పనప్పుడు కుడివైపున, ఎదురుగా వచ్చే బండి కనబడేటట్లు నడవండి. తెల్లని చొక్కా వేసుకోండి. అంతకంటే మంచిది, మంచు విడిచేవరకు ఆగి ఏడున్నరకు బయలుదేరడము. బి.పి., ఉబ్బసము ఉన్నవారికి ఆ ఆలస్యమే మేలు. కోత మిషను వెళ్ళిన తరువాత గడ్డి తగులబెట్టే చోట్ల ఆ పొగ మంచుతో కలిసి నేలమీదే ఉంటుంది, ఆ వైపు వెళ్ళకండి. నడకలో గుండె బరువుగా ఉండి, నొప్పి చేతికో దవడకో ప్రాకితే గ్యాసు అని సర్దిచెప్పుకొనక వెంటనే ఆసుపత్రికి వెళ్ళండి. డిసెంబరులో క్రిస్మస్ పాటల బృందముతో రాత్రులు ఇల్లిల్లూ తిరిగే యౌవనస్థులకు వేరే నడక అక్కరలేదు. వారికి ప్రతి ఇంట పెట్టే కేకుల సంగతే ఆలోచించాలి.

ఇక స్త్రీల విషయము. "ఇంటి పని చాలదా అయ్యగారూ, పొద్దుట నుండి కాళ్ళ మీదే ఉన్నాము గదా" అంటారు. నిలబడి ఉండడము వేరు, ఊపిరి కాస్త వేగముగా ఆడేటట్లు నడవడము వేరు. అసలు కారణము అది కాదని మాకు తెలుసు. ఇంటి ఆడమనిషి చేతులు ఊపుకొంటూ రోడ్డు మీద నడిస్తే ఊరు ఏమనుకొంటుందోనని. అత్తగారికి మోకాళ్ళ నొప్పులు, కోడలికి ముప్పై అయిదు ఏళ్ళకే షుగరు, అయినా గడప దాటరు. పురుషులు దీనిని పట్టించుకోవాలి. భార్య నడకకు వెళ్ళిన ఆ అరగంట పిల్లలను చూసుకోవాలి. గృహకూటములకు సోదరీమణులు గుంపుగా నడిచి వెళ్తారు గదా, ఆ రోజు ఎవరూ ఏమీ అనరు. ఆ గుంపే మిగిలిన రోజులలో కూడ బయలుదేరవచ్చు. నలుగురుంటే వీధికుక్కల భయము, ఊరి మాటల భయము రెండూ తగ్గుతాయి.

షుగరు మాత్రలు, ఇన్సులిను వాడేవారు పరగడుపున ఎక్కువ దూరము వెళ్ళవద్దు. చేతులు వణికి, చెమట పట్టి, కళ్ళు తిరిగితే వెంటనే నోటిలో వేసుకొనడానికి పంచదార గాని బెల్లము గాని జేబులో ఉంచుకోవాలి. డెంగీ, చికున్‌గున్యా వంటి జ్వరములు వచ్చి తగ్గినవారు డాక్టరుగారిని అడిగి, మొదట పది నిమిషములతో ఆరంభించి నెమ్మదిగా పెంచుకోండి. తుఫాను హెచ్చరిక ఉన్న రోజున మాత్రము ఎవరూ బయటికి వెళ్ళనవసరము లేదు. ఆ రోజు వసారాయే కాలువ గట్టు.

లండను విశ్వవిద్యాలయ కళాశాలలో 96 మందిని గమనించగా ఒక కొత్త పని అలవాటుగా మారడానికి సగటున 66 రోజులు పట్టినదట. కొందరికి 18 రోజులే, కొందరికి ఎనిమిది నెలలకు పైగా. మధ్యలో ఒక రోజు తప్పినా అలవాటు చెడిపోలేదు. మృగశిర ప్రవేశించే జూన్ 8 నుండి లెక్కిస్తే 66 రోజులకు ఆగస్టు రెండవ వారము వస్తుంది. అప్పటికి నాట్లు చాలవరకు పూర్తయి రైతులకు కాస్త తీరిక ఉంటుంది. ఈలోగా వానకాలపు చోటు చూసి పెట్టుకోండి. పాఠశాల వరండా అయితే హెడ్మాస్టరుగారిని ముందుగా అడగండి. సాయంత్రము పిల్లలు వెళ్ళిన తరువాత గేటు తాళము ఎవరి దగ్గర ఉంటుందో కూడ కనుక్కోండి.